అడంగలు వంటి పట్టికను కంప్యూటరు చదువు విధానము

గ్రామములో పట్టిక వ్రాయు అలవాటు మనకు క్రొత్త కాదు. సర్వే నంబరు ఒక కాలమ్‌లో, విస్తీర్ణము ఒక కాలమ్‌లో, పట్టాదారు పేరు మరియొక కాలమ్‌లో, సాగుచేసిన పంట ఇంకొక కాలమ్‌లో చొప్పున గీతలు గీసిన కాగితముపై గ్రామములోని భూమినంతటిని ఎక్కించు అడంగళ్లు, పహాణీలు తరతరములుగా ఉన్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణముల, మునసబుల ఉద్యోగములు రద్దయినవి గాని వారు వ్రాసిన పట్టిక రద్దు కాలేదు. అది కాగితమును విడిచి కంప్యూటరులోనికి వచ్చినది. నేడు సహకార సంఘములోని అప్పుల జాబితా, రైతు ఉత్పత్తిదారుల సంఘము పంచు విత్తనముల లెక్క, పంట నమోదు, పంట నష్టపు అంచనా, పాలకేంద్రము చెల్లింపులు మొదలగునవి చాల వరకు స్ప్రెడ్‌షీటు అను కంప్యూటరు పట్టికలలోనే నడచుచున్నవి.

అయితే ఒక మార్పు వచ్చినది. పూర్వము పట్టికను వ్రాసినవాడు మనిషి, చదివినవాడును మనిషియే. ఒక గడిలో వింతయైన అంకె కనపడినచో, చదువువాడు ఆగి, కబురు పంపి, విచారించి దిద్దుకొనెడివాడు. ఇప్పుడు గ్రామములో మనిషి వ్రాసిన పట్టికను పైన చదువునది తరచుగా మనిషి కాదు, స్క్రిప్టు. స్క్రిప్టు అనగా కంప్యూటరుకు ముందుగా వ్రాసి ఇచ్చిన ఆజ్ఞల చీటీ. అది వేయి వరుసలను ఒక్క నిమిషములోపుగా చదువగలదు. కాని ఆగి విచారించు గుణము దానికి స్వతహాగా లేదు. ఆ విచారణ కూడ చీటీలో వ్రాసి ఉన్ననే జరుగును. కావున అది వరుసలను, కాలములను ఏ విధముగా చదువునో పట్టిక వ్రాయు గ్రామోద్యోగికి, అందులో తన పేరున్న రైతుకు కూడ కొంత తెలిసి ఉండుట అవసరము. పరిహారపు సొమ్ము గాని, విత్తనపు మూట గాని వచ్చుటయు, రాకపోవుటయు అనేక పర్యాయములు ఒక్క గడి మీద ఆధారపడి ఉండును.

పట్టిక నిర్మాణము

కంప్యూటరు పట్టికలో అడ్డముగా పోవు దానిని వరుస అనియు, నిలువుగా దిగు దానిని కాలమ్ అనియు, ఆ రెండును కలియు చోటును గడి అనియు అందము. వరుసలకు 1, 2, 3 అని అంకెలును, కాలములకు ఏ, బి, సి అని ఇంగ్లీషు అక్షరములును గుర్తులు. నాలుగవ కాలమ్, అయిదవ వరుస కలియు గడికి డి5 అని పేరు. ఈ ఏర్పాటును చిన్న కంప్యూటరులపై మొదట వ్యాప్తికి తెచ్చినది 1979లో అమెరికాలో వెలువడిన విసికాల్క్ అను ప్రోగ్రాము. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు దానిని తయారుచేసిరి. మనకు ఎక్కువగా పరిచయమైన ఎక్సెల్ 1985లో వచ్చినది. వెల లేకుండ దొరకు లిబ్రె ఆఫీస్ కాల్క్ కూడ ఇటువంటిదే. నేటి ఎక్సెల్ షీటు ఒక్కదానిలో 10,48,576 వరుసలు, 16,384 కాలములు పట్టును. ఏ గ్రామపు లెక్కకైనను ఇది చాలును.

అడ్డముగా చదివినచో ఒక రైతు సంగతి అంతయు తెలియును: ఆయన పేరు, పొలము, పంట, విత్తిన తేది. నిలువుగా చదివినచో గ్రామపు సంగతి తెలియును: మొత్తము విస్తీర్ణము ఎంత, వేరుశనగ ఎంత, కంది ఎంత. స్క్రిప్టు చేయు పని కూడ ముఖ్యముగా ఈ రెండే. నాగలి ఒక చాలు చివర వరకు పోయి మరుసటి చాలుకు తిరిగినట్లు, అది ఒక వరుసలోని గడులను ఎడమ నుండి కుడికి చూచి, తరువాతి వరుసకు దిగును.

ఒక సంగతి ఇచటనే గమనింపవలెను. మన కంటికి కనపడు షీటు వేరు, కంప్యూటరు దాచుకొను షీటు వేరు. ఎక్సెల్ ఫైలు నిజమునకు కొన్ని చిన్న ఫైళ్లను కుదించి కట్టిన మూట. అందులో ఏ వరుసలో ఏ గడికి ఏ విలువ ఉన్నదో వ్రాసి ఉండును. రంగులు, గీతలు, అక్షరముల లావు వేరుగా వ్రాసి ఉండును. స్క్రిప్టు మామూలుగా అడుగునది విలువను మాత్రమే. సొమ్ము ముట్టిన రైతుల వరుసలకు పసుపు రంగు పూయుట, పేరు తీసివేయవలసిన వరుసకు ఎరుపు రంగు పూయుట మన ఆఫీసులలో వాడుకగా ఉన్నది. ఆ రంగు స్క్రిప్టుకు కనపడదు. పసుపు వరుసకు మరల సొమ్ము లెక్క కట్టును. రంగుతో చెప్పదలచిన సంగతిని ఒక ప్రత్యేకమైన కాలమ్‌లో “చెల్లించినది”, “చెల్లించలేదు” అని మాటలలో వ్రాయుటయే సరియైన పద్ధతి. అదే విధముగా, మనము దాచిపెట్టిన వరుసలు మన కంటికి కనపడవు గాని స్క్రిప్టుకు కనపడును. దాచిన వరుస తీసివేసిన వరుస కాదు.

ఆజ్ఞల చీటీ ఎట్లుండును

ఈ చీటీలను వ్రాయుటకు అనేక భాషలు కలవు. పట్టికల పనికి నేడు విరివిగా వాడునది పైథాన్ అను భాష. నెదర్లాండ్స్ దేశస్థుడైన గైడో వాన్ రోసమ్ దీనిని తయారుచేయగా 1991లో వెలువడినది. ఎక్సెల్ ఫైలును తెరచి చదువుటకు ఓపెన్‌పైఎక్సెల్ అను ఉపకరణమును పైథాన్‌కు జతచేయుదురు. రెండింటికిని వెల లేదు. అసలు చీటీ ఇంగ్లీషు అక్షరములలో ఉండును. దానిని తెలుగులో చెప్పుకొన్నచో ఇట్లుండును:

వర్క్‌బుక్‌ను చదువుటకు మాత్రమే తెరువుము.
“ఖరీఫు” అను షీటును తీసుకొనుము.
మొదటి వరుసలోని శీర్షికలను చదివి, ఏ శీర్షిక ఎన్నవ కాలమ్‌లో ఉన్నదో గుర్తుంచుకొనుము.
రెండవ వరుస మొదలు చివరి వరుస వరకు, ఒక్కొక్క వరుసకు ఈ పని చేయుము:
— “పంట” కాలమ్‌లోని విలువను చూడుము.
— అది వేరుశనగ అయినచో, ఎకరములను, సెంట్లను తీసి మొత్తమునకు కలుపుము.
— విలువ మన పంటల జాబితాలో లేనిదైనచో, ఆ వరుసను వేరు షీటులో వ్రాయుము.
మొత్తమును, చదివిన వరుసల సంఖ్యను, వేరుగా వ్రాసిన వరుసల సంఖ్యను తెలుపుము.

చీటీ అంతయు ఇంతే. ఇందులో మర్మమేమియు లేదు. లోపలికి జరిపి వ్రాసిన మూడు ఆజ్ఞలు ప్రతి వరుసకును జరుగును. చివరి ఆజ్ఞ ఒక్కసారి మాత్రమే జరుగును. పైథాన్‌లో ఈ లోపలికి జరుపుట అలంకారము కాదు, అర్థము. చివరి ఆజ్ఞను కూడ పొరపాటున లోపలికి జరిపినచో, ఆరువందల వరుసలకు ఆరువందల పర్యాయములు మొత్తము చెప్పుచు కూర్చుండును.

మూడవ ఆజ్ఞను గూర్చి కొంచెము చెప్పవలెను. కాలమ్‌ను గుర్తించుటకు రెండు మార్గములు కలవు. “అయిదవ కాలమ్‌ను తీయుము” అని సంఖ్యతో చెప్పుట ఒకటి. “ఎకరములు అను శీర్షిక ఉన్న కాలమ్‌ను తీయుము” అని పేరుతో చెప్పుట రెండవది. మొదటిది వ్రాయుట సులభము, తరువాత దుఃఖము. గ్రామములో ఎవరో మంచి ఉద్దేశముతోనే పేరు ప్రక్కన ఫోను నంబరుకు ఒక కాలమ్ చేర్చెదరు. అంతట అయిదవ కాలమ్ ఆరవది అగును. ఎకరముల స్థానమున మరియొక కాలమ్ వచ్చి కూర్చుండును. స్క్రిప్టు ఆశ్చర్యపడదు. అక్కడ ఏ అంకె ఉన్నను దానినే ఎకరములుగా కలుపును. పైగా ఓపెన్‌పైఎక్సెల్ షీటులోని వరుసలను, కాలములను ఒకటి నుండి లెక్కించును గాని, ఒక వరుసను విడిగా చేతికి తీసుకొన్న తరువాత పైథాన్ అందులోని గడులను సున్న నుండి లెక్కించును. ఈ తేడాతో అనుభవజ్ఞులు కూడ తికమకపడుదురు. శీర్షికతో చదివినచో ఈ రెండు బాధలును తప్పును. కాని అందుకు శీర్షికలు ఒకే వరుసలో, ప్రతి కాలమ్‌కు ఒకటి చొప్పున ఉండవలెను. మీదట “మండలము, గ్రామము, ఖరీఫు పంటల వివరణ పట్టిక” అని రెండు మూడు వరుసల అలంకారపు శీర్షిక పెట్టుట మనకు అలవాటు. దానిని షీటు పేరులో పెట్టుట మేలు.

సర్వే నంబరు తేదీ అగుట

ఇక పొలమునకు సంబంధించిన చిక్కులకు వత్తము. వీనిలో మొదటిది సర్వే నంబరు. 12/3 అను సబ్‌డివిజన్‌ను మామూలు గడిలో కొట్టినచో, ఎక్సెల్ దానిని తేదీ అని తలచి మార్చివేయును. ఆ కంప్యూటరు ఏర్పాటును బట్టి అది మార్చి 12 కావచ్చును, డిసెంబరు 3 కావచ్చును. 5-2 అని కొట్టినను ఇదే గతి. ఎక్సెల్‌కు తేదీ అనగా 1900 జనవరి 1 మొదలు లెక్కించిన దినముల సంఖ్య. 2024 జూన్ 1 అనునది దాని దృష్టిలో 45,444. కావున సర్వే నంబరు ఉండవలసిన గడి నుండి స్క్రిప్టుకు ఒక సంవత్సరము, నెల, దినము గల తేదీ లభించును. అటువంటి సర్వే నంబరు భూమి రికార్డులో ఎక్కడను ఉండదు గనుక, ఆ వరుస దేనితోను సరిపోలదు. ఆ రైతు పొలము లెక్క నుండి జారిపోవును.

ఇది మన పల్లెల బాధ మాత్రమే కాదు. మనుష్యుల జన్యువులలో కొన్నిటి పొట్టి పేర్లు ఇంగ్లీషు నెలల పేర్లను పోలి ఉండుటచే ఎక్సెల్ వానిని తేదీలుగా మార్చుచుండెను. విసిగి, జన్యువులకు పేర్లు నిర్ణయించు అంతర్జాతీయ సంఘము 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చినది. మనము సర్వే నంబర్లను మార్చలేము. కాని షీటులో ఒక్క అక్షరము వ్రాయక ముందే ఆ కాలమ్ అంతటిని ఎంచుకొని “టెక్స్ట్” అను రకమునకు మార్చినచో కొట్టినది కొట్టినట్లే నిలుచును. తేదీగా మారిన తరువాత రకము మార్చిన లాభము లేదు. అప్పుడు 45,444 వంటి అంకె బయటపడును గాని 12/3 తిరిగి రాదు.

బ్యాంకు ఖాతా సంఖ్యలకు కూడ ఇదే మందు. మొదట సున్నలు ఉన్న ఖాతా సంఖ్యను అంకెగా కొట్టినచో ఆ సున్నలు ఎగిరిపోవును. ఎక్సెల్ ఏ అంకెలోనైనను 15 స్థానములనే నిలుపుకొనును. కొన్ని బ్యాంకుల ఖాతా సంఖ్యలు 16 అంకెలవి. పదునారవ స్థానములో ఏది ఉన్నను సున్నగా మారును. ఖాతా సంఖ్యతో కూడికలు, తీసివేతలు చేయము గదా! అది చూచుటకు అంకెయే గాని నిజమునకు పేరు. పేరువలెనే వ్రాయవలెను. ఐ.ఎఫ్.ఎస్.సి. సంకేతములోని అయిదవది ఎల్లప్పుడు సున్నయే గాని ఇంగ్లీషు “ఓ” అక్షరము కాదని కూడ గుర్తుంచుకొనవలెను.

ఎకరములు, సెంట్లు, గుంటలు

కోస్తా, రాయలసీమ ప్రాంతములలో ఎకరమునకు 100 సెంట్లు. అందుచే 1.30 అనగా 1 ఎకరము 30 సెంట్లు. దశాంశపు లెక్కకు సరిపోవును. తెలంగాణలో ఎకరమునకు 40 గుంటలు. అక్కడ పహాణీలో 1.30 అని వ్రాసినచో 1 ఎకరము 30 గుంటలు, అనగా ఎకరమున్నర పైన మరియొక పాతిక సెంట్లు. చదువు మనిషికి ఇది తెలియును. స్క్రిప్టుకు చుక్క తరువాత ఉన్నదంతయు దశాంశమే.

ఒక రైతుకు మూడు ముక్కలు ఉన్నవనుకొందము: 1.30, 1.30, 2.25. గుంటల లెక్కన ఎకరములు 4, గుంటలు 85. అనగా 6 ఎకరముల 5 గుంటలు. స్క్రిప్టు వీనిని నేరుగా కలిపినచో 4.85 వచ్చును. ఆ రైతుకు 1 ఎకరము 11 గుంటల భూమి కాగితముపై కరగిపోయినట్లే. సెంట్ల లెక్క గల జిల్లాలో అదే 4.85 ముమ్మాటికి సరియైనది! ఒకే చీటీ ఒక జిల్లాలో సత్యము, మరియొక జిల్లాలో అసత్యము పలుకును. ఇంకొక తమాషా కూడ కలదు. 1 ఎకరము 10 గుంటలను 1.10 అని కొట్టినచో ఎక్సెల్ చివరి సున్నను అనవసరమని తీసివేసి 1.1 అని చూపును. దానిని చూచినవారు 1 ఎకరము 1 గుంట అని పొరబడుటకు వీలున్నది.

దీనికి తిరుగులేని ఉపాయము ఎకరములకు ఒక కాలమ్, గుంటలకు లేక సెంట్లకు వేరొక కాలమ్ పెట్టుట. స్క్రిప్టు ఎకరములను 40తో హెచ్చవేసి, గుంటలను కలిపి, అన్నిటిని గుంటలలో కూడి, చివరకు 40తో భాగించి ఎకరములలో చెప్పును. గుంటల కాలమ్‌లో 39కి మించిన అంకె కనపడినచో ఆ వరుసను తప్పుగా పట్టుకొనుటకు కూడ వీలగును. ఒకే కాలమ్‌లో ఇమిడ్చినచో ఇట్టి తప్పును పట్టుట కష్టము.

ఖాళీ గడి, సున్న

రైతుకు అన్నిటికంటె ఎక్కువ నష్టము తెచ్చు పొరపాటు ఇది అని నా అభిప్రాయము. అందుచే లెక్కతో సహా చూతము. ఒక ప్రాంతమంతటికి కలిపి దిగుబడి చూచు పంట బీమాలో, పంట కోత ప్రయోగముల సగటు మీద పరిహారము ఆధారపడును. వరికి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కోసి తూకము వేయుదురు. అది 25 చదరపు మీటర్లు, హెక్టారులో 400వ వంతు.

నాలుగు మడులు కోయవలెననుకొందము. మూడింటిలో 11, 12, 13 కిలోలు వచ్చినవి. నాలుగవ మడి ముంపునకు గురియై గింజ దక్కలేదు. అక్కడ సున్న వ్రాయవలెను. కాని “ఏమియు రాలేదు గదా” అని గడిని ఖాళీగా విడిచిరనుకొందము. సున్న ఉన్నచో సగటు 36ను 4తో భాగింపగా 9 కిలోలు, అనగా హెక్టారుకు 3,600 కిలోలు. గడి ఖాళీగా ఉన్నచో, ఎక్సెల్‌లోని ఆవరేజ్ సూత్రము ఖాళీ గడిని లెక్కలోనికే తీసుకొనదు. 36ను 3తోనే భాగించి 12 కిలోలు అని చెప్పును, అనగా హెక్టారుకు 4,800 కిలోలు. పైథాన్‌లో పట్టికల పనికి వాడు పాండాస్ అను ఉపకరణము కూడ ఇట్లే చేయును. హామీ దిగుబడి 4,200 కిలోలనియు, బీమా మొత్తము హెక్టారుకు 42,000 రూపాయలనియు అనుకొన్నచో, మొదటి లెక్క ప్రకారము 600 కిలోల తరుగునకు హెక్టారుకు 6,000 రూపాయల పరిహారము రావలెను. రెండవ లెక్క ప్రకారము ఒక్క రూపాయియు రాదు. పొలము నిజముగా మునిగిన రైతుతో బాటు, ఆ యూనిట్‌లోని రైతులందరును నష్టపోవుదురు.

ఎదురు పొరపాటు కూడ జరుగవచ్చును. అసలు కోయని మడికి స్క్రిప్టు ఖాళీని సున్నగా ఎంచినచో దిగుబడి అన్యాయముగా తగ్గును. అందువలన సున్న వ్రాయవలసిన చోట సున్నయే వ్రాయవలెను. కొలవని చోట “కొలవలేదు” అని మాటతో వ్రాయవలెను. ఖాళీ గడికి మాత్రము ఏ అర్థమును ఇవ్వరాదు. వర్షపు కొలతకు, పాల తూకమునకు ఇదే నియమము.

కలిపిన గడులు, మొత్తపు వరుస, పేర్లు

ఒక రైతుకు మూడు సర్వే నంబర్లున్నచో, పేరును మూడు వరుసలకు ఒకే గడిగా కలిపి వ్రాయుట చూపునకు బాగుండును. స్క్రిప్టు మాత్రము ఆ పేరును మొదటి వరుసలోనే చూచును. తక్కిన రెండు వరుసలకు యజమాని లేనట్లే. “పై ప్రకారము” అని గాని, రెండు చుక్కలు గాని పెట్టినను అంతే. పేరు మూడు చోట్లను వ్రాయవలెను. కంప్యూటరులో నకలు చేయుటకు సిరా ఖర్చు లేదు.

పట్టిక అడుగున “మొత్తము” అను వరుస పెట్టినచో, స్క్రిప్టు దానిని కూడ ఒక రైతుగా చదివి విస్తీర్ణమును రెట్టింపు చేయవచ్చును. మొత్తమును వేరు షీటులో ఉంచవలెను. మధ్యలో అందము కొరకు ఒక వరుస ఖాళీగా విడిచినచో, ఖాళీ వరుస కనపడగానే ఆగుమని వ్రాసిన చీటీ అక్కడనే ఆగి, దిగువ వారినందరిని విడిచివేయును.

వేరుశనగ, వేరుసెనగ, పల్లి అనునవి మనకు ఒకటే పంట. స్క్రిప్టుకు మూడు పంటలు. చివర ఒక ఖాళీ చోటు ఉన్న “వరి”, లేని “వరి” కూడ దానికి వేరువేరు. సర్వే నంబరు 123/అ, 123-అ అనునవియు అంతే. పంటల పేర్లను గడిలో జాబితాగా ఏర్పరచి, దాని నుండియే ఎన్నుకొనునట్లు చేయు సదుపాయము ఎక్సెల్‌లోను, కాల్క్‌లోను ఉన్నది. దానిని వాడవలెను. మనుష్యుల పేర్లకు అట్టి వీలు లేదు. వెంకటేశ్వర్లు, వేంకటేశ్వర్లు అని ఒకరి పేరే రెండు విధముల వచ్చుట సహజము. అందుచే మనిషిని పేరుతో గాక సభ్యత్వ సంఖ్యతోనో, ఖాతా సంఖ్యతోనో పోల్చుమని చీటీలో వ్రాయవలెను. తెలుగులో కొట్టువారు యూనికోడ్ అక్షరములను వాడవలెను. అచ్చు పనికి వాడు కొన్ని పాత ఫాంట్లలో తెరపై తెలుగు కనపడినను, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు మాత్రమే. స్క్రిప్టు వానినే చదువును.

చదువని వరుసలు ఏమైనవి?

ఇంగ్లండులో 2020వ సంవత్సరమున ఒక సంఘటన జరిగినది. కోవిడ్ సోకినట్లు తేలినవారి వివరములను ప్రయోగశాలలు పంపగా, అక్కడి ప్రజారోగ్య సంస్థ వానిని పాత రకపు ఎక్సెల్ ఫైలులోనికి ఎక్కించుచుండెను. ఆ పాత రకములో ఒక షీటుకు 65,536 వరుసలే పట్టును. అంతకు మించిన వరుసలు చేరకనే పోయినవి. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 మంది లెక్కలోనికి రాలేదు. వారితో మెలగినవారికి హెచ్చరిక అందుటలో ఆలస్యము జరిగినది.

మన గ్రామపు పట్టిక అంత పెద్దది కాదు. కాని అక్కడ జరిగినదే చిన్న తరహాలో ఎక్కడనైనను జరుగవచ్చును. అర్థముకాని వరుసను దాటిపొమ్మని స్క్రిప్టుకు చెప్పుట వ్రాయువానికి సుఖము. పని ఎక్కడను ఆగదు, చివరకు ఒక మొత్తము వచ్చును, చూచుటకు చక్కగా ఉండును. దాటిపోయిన వరుసలోని రైతుకు మాత్రము ఆరు నెలల తరువాత, అందరికి సొమ్ము వచ్చి తనకు రానప్పుడు సంగతి తెలియును. అందుచే పైన వ్రాసిన చీటీలో అర్థముకాని వరుసను వేరు షీటులో వ్రాయుమను ఆజ్ఞను చేర్చితిమి. మీ సంఘమునకు ఎవరైన స్క్రిప్టు వ్రాసి ఇచ్చినచో, “ఎంత వేగముగా చేయును?” అని అడుగుటకు ముందు “చదువలేని వరుసను ఏమి చేయును?” అని అడుగవలెను. సరియైన జవాబు రానిచో దానిని వాడరాదు.

సరిచూచుట కష్టము కాదు. షీటులో శీర్షిక పోగా 612 వరుసలు ఉన్నచో, స్క్రిప్టు లెక్కించిన వరుసలు, వేరుగా వ్రాసిన వరుసలు కలిపి 612 కావలెను. ఒక్కటి తగ్గినను మొత్తమును నమ్మరాదు. తరువాత అక్కడక్కడ నుండి అయిదారు వరుసలను తీసి, కాగితముపై చేతితో లెక్క కట్టి పోల్చవలెను. అందులో ఒకటి మొదటి వరుస, ఒకటి చివరి వరుస తప్పక ఉండవలెను. తప్పులు ఎక్కువగా ఈ రెండు చివరలనే దొరకును. గడిలో సూత్రము ఉన్నచో, స్క్రిప్టుకు ఫలితము గాక సూత్రమే చేతికి రావచ్చును. ఫలితమునే చదువుమని విడిగా చెప్పవలెను.

ఎవరు వ్రాయవలెను?

ముప్పది వరుసల పట్టికకు స్క్రిప్టు అక్కరలేదు. ఎక్సెల్‌లోని కూడిక, వడపోత చాలును. ఇరువది గ్రామముల నుండి ప్రతి వారము ఒకే రూపములో పట్టికలు వచ్చి, వానిని ప్రతిసారి ఒకటిగా చేర్చవలసిన చోటనే స్క్రిప్టు ఉపయోగపడును. అటువంటి పని ఉన్న సంఘములు తమ గ్రామపు డిగ్రీ, డిప్లొమా విద్యార్థులను అడుగవచ్చును. పైథాన్ కొంత నేర్చినవారికి ఇది రెండు మూడు దినముల పని. చీటీ వ్రాయుట వారికి వచ్చును గాని, గుంటకు సెంటుకు గల తేడా, ఖాళీ మడికి మునిగిన మడికి గల తేడా వారికి తెలియకపోవచ్చును. ఆ సంగతులు చెప్పవలసినవారు మీరు. నేర్చుకొనుటకు ఇచ్చు నకలులో ఆధార్ సంఖ్యలను, ఖాతా సంఖ్యలను తీసివేసి ఇవ్వవలెను. అసలు ఫైలును ఫోను గ్రూపులలో పంపరాదు.

స్క్రిప్టు వేరుగా వ్రాసిన వరుసల షీటును అచ్చు తీసి, పట్టికను పైకి పంపుటకు కనీసము వారము దినముల ముందు సంఘము నోటీసు బల్లపై అంటించవలెను. ఖాతా సంఖ్యలు లేకుండ, వరుస సంఖ్య, పేరు, సర్వే నంబరు ఉన్న చాలును. తమ పేరు అందులో చూచుకొన్న రైతులు పాసుపుస్తకముతో వచ్చి దిద్దించుకొనిన తరువాత, స్క్రిప్టును మరల నడిపి, వేరు షీటులో ఒక్క వరుసయు మిగులనప్పుడు పట్టికను పంపవలెను.